గుట్ట మీద నిప్పు, వంకలో వరద: మన పిల్లలు చదవాల్సిన చదువు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా అనంతపురంలో గిరిజన యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)





పై చదువుల్లో మన పిల్లలకున్న అవకాశాల గురించి మాట్లాడమని సంఘం వాళ్ళు అడిగారు. ఆ మాట అనగానే మనకు డీఎస్సీ, గ్రూప్స్, పోలీసు, బ్యాంకు, సాఫ్ట్‌వేర్ గుర్తొస్తాయి. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఈ రోజు మన వాళ్ళు పెద్దగా తొంగిచూడని ఒక దారి గురించి చెబుతాను. అడవుల్లో లేచే నిప్పు, వంకల్లో వచ్చే వరద, ఈ రెండింటి నష్టాన్ని తగ్గించే పరిశోధన. డిగ్రీ అయ్యాక పీజీలో, పీహెచ్‌డీలో చేయగలిగిన పని.

"అన్నా, మాది కరువు జిల్లా, తాగడానికే నీళ్ళు లేవు, వరద మీద పరిశోధన ఏంది?" అని మీకు నవ్వు రావచ్చు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

కరువు సీమలో వరద

అనంతపురంలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటి. ఇది చిన్నప్పటి నుంచీ పాఠంలో చదువుకున్నదే. అయితే ఆ 550 మిల్లీమీటర్లు ఏడాది పొడవునా సమంగా పడవు. ఎన్నో వారాలు చుక్క పడదు. తర్వాత ఒకే రాత్రి వంద మిల్లీమీటర్లు పడుతుంది. ఒక ఎకరం మీద వంద మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని నీళ్ళో లెక్క వేశారా? దాదాపు నాలుగు లక్షల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లు నలభై. వెయ్యి ఎకరాల గుట్ట మీద ఆ వాన పడితే నలభై వేల ట్యాంకర్లు. నేల తాగినంత తాగుతుంది. మిగిలినదంతా కిందికి రావాల్సిందే.

ఈ మధ్య జరిగినవి మీకందరికీ గుర్తున్నాయి. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి వరదలో పదిమంది చిక్కుకుపోతే వాయుసేన హెలికాప్టర్ వచ్చి కాపాడింది. అదే రోజు పక్కనున్న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ ఊళ్ళు ఊడ్చుకుపోయాయి. 2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలో నడిమి వంక పొంగి కాలనీలు మునిగాయి. 2024 అక్టోబరులో కనగానపల్లి చెరువుకు గండి పడింది, పండమేరు వంక పొంగింది, పట్టణం అంచున వంక పక్కనున్న పేదల కాలనీల్లోకి అర్ధరాత్రి నీళ్ళు వచ్చాయి. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు అన్నీ బురదపాలయ్యాయి.

ఇది కొత్త సంగతి కూడా కాదు. బుక్కరాయసముద్రం చెరువు ముసలమ్మ కథ మన జిల్లాలో తెలియనివాళ్ళు ఉండరు. కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడడానికి ఒక ఇంటి కోడలు తనను తాను బలి ఇచ్చుకున్న కథ అది. కట్టమంచి రామలింగారెడ్డి గారు దాన్నే 'ముసలమ్మ మరణము' కావ్యంగా రాశారు. కరువు సీమవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్న కథ, చూడండి, చెరువు కట్ట తెగడం గురించి. అంటే మన పెద్దలకు తెలుసు: నీళ్ళు లేని చోట కూడా నీళ్ళు చంపగలవని. మనిషిని బలి ఇచ్చి కట్టను నిలబెట్టే రోజులు పోయాయి అనుకుంటాం. వంక ఒడ్డున స్థలం తప్ప ఇంకెక్కడా స్థలం దొరకని వాళ్ళను చూస్తే, ఆ బలి ఇంకా జరుగుతున్నట్టే అనిపిస్తుంది.

గుట్టల మీద నిప్పు

ఇక నిప్పు సంగతి. మన రాష్ట్రంలో అడవి నిప్పుల కాలం ఫిబ్రవరి నుంచి జూన్ నడిమి దాకా. 2014 మార్చిలో శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు తిరుమల దాకా పొగ వచ్చింది, హెలికాప్టర్లతో నీళ్ళు చల్లాల్సి వచ్చింది. అది పేపర్లలో వచ్చింది. పెనుకొండ గుట్టలు, ముచ్చుకోట అడవి, కదిరి, కళ్యాణదుర్గం వైపు కొండలు కాలితే పేపర్లలో రాదు. మన గుట్టల మీద పెద్ద చెట్లు తక్కువ, బోద గడ్డి, పొదలు ఎక్కువ. సాయంత్రం అంటుకుంటే తెల్లారేసరికి కొండ నల్లగా ఉంటుంది. "గుట్ట కాలింది" అని ఒక మాట అనుకుని పనికి పోతాం.

ఎవరు పెడతారు? దేశంలో అడవి నిప్పుల్లో అత్యధికం మనుషుల వల్లే వస్తాయని అటవీశాఖ లెక్కలన్నీ చెబుతాయి. కొత్త గడ్డి లేస్తుందని కొందరు పెడతారు, ఆర్పని బీడీ ముక్క పడేసి కొందరు పోతారు, ఆకతాయితనంతో కొందరు పెడతారు. అనుమానం మాత్రం ముందుగా మన మీదికే వస్తుంది. తండా దగ్గరుంది కాబట్టి తండావాళ్ళే పెట్టి ఉంటారంటారు. నష్టపోయేది కూడా మనమే. సీతాఫలం కాపు పోతుంది. జీవాలకు మేత పోతుంది. ఎరుకల కుటుంబాలు బుట్టలు అల్లే ఈతాకు పోతుంది. చీపురు గడ్డి, తేనె, కుంకుళ్ళు పోతాయి. ఇవి ఏ నష్టపరిహారం లెక్కలోనూ ఉండవు.

ఒకే దారం

ఇప్పుడు అసలు మాట. నిప్పు ఒక శాఖ చూస్తుంది, చెరువు ఇంకో శాఖ చూస్తుంది, వరద వచ్చాక రెవెన్యూ వాళ్ళు వస్తారు. కానీ గుట్ట, వంక, చెరువు, కాలనీ అన్నీ ఒకే దారానికి గుచ్చిన పూసలు.

గడ్డి ఉన్న గుట్ట మీద వాన పడితే చినుకు ముందు గడ్డి మీద పడుతుంది, నిదానంగా నేలలోకి దిగుతుంది. ఏప్రిల్‌లో కాలిపోయిన గుట్ట మీద జూన్‌లో తొలకరి పడితే చినుకు నేరుగా ఎర్రమట్టిని కొడుతుంది. మట్టి పైపొర గట్టిపడి నీళ్ళను లోపలికి పోనివ్వదు. నీళ్ళు మట్టిని ఎత్తుకుని వంకలోకి, వంక నుంచి చెరువులోకి పోతాయి. ఏటేటా చెరువులో పూడిక పెరుగుతుంది. చెరువులో నిలవాల్సిన నీళ్ళు తొందరగా మరువ పారతాయి. మరువ కాలువ కబ్జా అయి ఉంటే నీళ్ళు కట్టను వెతుక్కుంటాయి. చివరికి కాలనీలోకి వస్తాయి.

అమెరికాలో కాలిఫోర్నియాలో 2017 డిసెంబరులో థామస్ ఫైర్ అనే పెద్ద నిప్పు లేచింది. నెల దాటిన కొద్ది రోజులకే, 2018 జనవరి 9న, కాలిన కొండల మీద గట్టి వాన పడింది. బురద, బండరాళ్ళు కలిసి మాంటిసీటో అనే ఊరి మీదికి దూసుకొచ్చి 23 మందిని చంపాయి. అక్కడ కొండలు పెద్దగా కాలినప్పుడు, వాన రాకముందే, దిగువ ఊళ్ళకు ముప్పు ఎంతో లెక్క కడతారు.

మన గుట్టలు కాలిఫోర్నియా కొండలు కావు. మన గడ్డి రెండు వానలకు మళ్ళీ లేస్తుంది. కాబట్టి అక్టోబరులో కాలనీ మునిగితే ఏప్రిల్‌లో పెట్టిన నిప్పే కారణం అని మైకులో చెప్పేస్తే అది ఉపన్యాసం అవుతుంది, పరిశోధన అవదు. ఎంత మట్టి కదిలింది, ఎన్నేళ్ళలో చెరువు ఎంత పూడింది, ఇందులో నిప్పు వాటా ఎంత, కబ్జాల వాటా ఎంత, ఇసుక తవ్వకాల వాటా ఎంత? ఇది కొలిచి చెప్పినవాడి మాటకు కలెక్టరాఫీసులో విలువ ఉంటుంది. ఆ కొలిచేవాళ్ళు మన పిల్లలే ఎందుకు కాకూడదు అన్నదే నా ప్రశ్న.

నిప్పును ఆపితే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. చెన్నేకొత్తపల్లి మండలంలో ముష్టికోవెల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ సంస్థతో కలిసి, వేల ఎకరాల బంజరు గుట్టలను కాపాడుకుంటూ వచ్చారు. కల్పవల్లి అంటారు ఆ ప్రాంతాన్ని. అక్కడ ఎక్కువగా చేసింది మొక్కలు నాటడం కాదు, నిప్పు రాకుండా కాపలా కాయడం. ఎండాకాలం రాకముందే గడ్డి కోసి అగ్గి వరసలు తీయడం, కాపలాదారులను పెట్టడం, పొగ కనబడితే ఊరంతా పరుగెత్తడం. మొండి గుట్టల మీద చెట్టు తనంతట తాను లేచింది. గడ్డి వచ్చింది, ఈత వచ్చింది, జీవాలకు మేత వచ్చింది. పక్కనే ఉంది. బస్సెక్కి పోయి చూడండి.

సోలిగలు చెప్పిన పాఠం

మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, చామరాజనగర జిల్లా బిళిగిరి రంగన కొండల్లో సోలిగ అనే ఆదివాసీలు ఉన్నారు. వాళ్ళు ఎండాకాలం ముదరకముందే అడవిలో రాలిన ఆకులకు చిన్న చిన్న మంటలు పెట్టేవాళ్ళు. వాళ్ళ మాటలో 'తరగు బెంకి'. 1974లో ఆ అడవి అభయారణ్యం అయ్యాక ఆ మంటలు ఆగిపోయాయి. తర్వాత అడవి నిండా లాంటానా పొద కమ్ముకుంది. ఉసిరి చెట్ల మీద బదనిక పెరిగింది. "మా చిన్న మంటలు ఆపేశారు, అందుకే లాంటానా, బదనిక పెరిగాయి, ఇప్పుడు నిప్పు లేస్తే పెద్దగా లేస్తుంది" అన్నది సోలిగ పెద్దల వాదన. చదువుకున్నవాళ్ళు మొదట దాన్ని పట్టించుకోలేదు. తర్వాత బెంగళూరులోని ఏట్రీ అనే పరిశోధన సంస్థ వాళ్ళు సోలిగలతో కలిసి కూర్చుని, అడవిలో కొలతలు తీసి, ఆ మాటను శాస్త్ర పత్రికల్లోకి తెచ్చారు. సోలిగ తెగలోనే పుట్టిన డాక్టర్ సి. మాదేగౌడ పీహెచ్‌డీ చేసి, అదే సంస్థలో పనిచేస్తూ, తన జనం అటవీ హక్కుల కోసం నిలబడ్డారు.

దీన్ని విని రేపు పోయి గుట్టకు నిప్పు పెట్టమని నేను చెప్పడం లేదు. వాళ్ళ అడవి వేరు, మన గడ్డి గుట్ట వేరు. నేను చెప్పేది ఒక్కటే. ఒక ముసలాయన నోటిమాటగా ఉన్నప్పుడు దాన్ని మూఢనమ్మకం అన్నారు. కొలిచి, రాసి, అచ్చు వేసినప్పుడు అదే శాస్త్రం అయింది. మధ్యలో జరిగినది పరిశోధన.

మనకూ అలాంటి జ్ఞానం ఉంది. లదేణి రోజుల్లో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన జాతి మనది. ఏ దారిలో నీళ్ళున్నాయో, ఏ వంక ఎప్పుడు దాటకూడదో తెలియకపోతే ఆ బతుకు సాగేదా? నల్లమలలో చెంచులు ఈ రోజుకీ అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలాదారులుగా పనిచేస్తున్నారు. గుట్టెక్కి ఆకుకొమ్మతో నిప్పు ఆర్పేది మనవాడే. ఆ నిప్పు మీద నివేదిక రాసేది మాత్రం ఇంకెవరో. ఆ నివేదికలో మనవాడి పేరు ఉండదు, మనవాడి మాట ఉండదు. ఒక్కోసారి మనవాడే నిందితుడుగా ఉంటాడు. ఈ పరిస్థితి మారాలంటే రాసే కుర్చీలో మనవాళ్ళు కూర్చోవాలి.

ఏం పరిశోధించాలి?

మీరు చదివిన సబ్జెక్టు ఏదైనా దీంట్లో మీకు చోటుంది. ఐదు ప్రశ్నలు చెబుతాను. ఒక్కోదాని మీద ఒక పీజీ ప్రాజెక్టు చేయవచ్చు. పట్టుదల ఉంటే పీహెచ్‌డీ అవుతుంది.

మొదటిది: ఏ గుట్ట ఎన్నిసార్లు కాలింది? డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల సాయంతో నిప్పు కనబడగానే ఫోన్లకు సందేశాలు పంపుతుంది. మీరు కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. అయితే అందులో వాడే ఒక ముఖ్యమైన ఉపగ్రహం మన మీదుగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి పోతుంది. దాని ఒక్కో గడి 375 మీటర్లు, అంటే దాదాపు 35 ఎకరాలు. సాయంత్రం ఐదింటికి అంటుకుని రాత్రి తొమ్మిదికి ఆరిపోయే గడ్డి నిప్పు దాని కంట పడదు. దాన్ని చూసేది గొర్రెల కాపరి. ఐదు రోజులకోసారి వచ్చే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో పది మీటర్ల వరకు స్పష్టత ఉంటుంది. కాలిన మచ్చ అందులో తెలుస్తుంది. ఆ చిత్రాలు ఉచితం. ఆ చిత్రం ఒక చేతిలో, కాపరి మాట ఇంకో చేతిలో పెట్టుకుని మ్యాప్ గీస్తే, ఢిల్లీలో కూడా లేని మ్యాప్ మీ దగ్గర ఉంటుంది. జాగ్రఫీ, కంప్యూటర్ సైన్స్, రిమోట్ సెన్సింగ్ చదివినవాళ్ళకు ఇది సరిపోతుంది.

రెండోది: కాలిన నేల నుంచి ఎంత మట్టి పోతోంది? కాలిన వాలు మీద కొన్ని గజాల చోటు, కాలని వాలు మీద అంతే చోటు. చుట్టూ రేకు పాతి, కింద డ్రమ్ము పెట్టి, వాన వానకూ నీళ్ళు ఎన్ని, మట్టి ఎంత అని తూచడం. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. అగ్రికల్చర్, సివిల్, జియాలజీ, కెమిస్ట్రీ వాళ్ళది ఈ పని.

మూడోది: వంక అసలు ఎంత వెడల్పు? పాత సర్వే మ్యాపుల్లో, రెవెన్యూ వాళ్ళ ఎఫ్ఎంబీల్లో వంక వెడల్పు ఉంటుంది. నేటి ఉపగ్రహ చిత్రంలో ఎంత మిగిలిందో కనబడుతుంది. వరద రోజున ఆకాశమంతా మబ్బు కమ్ముకున్నా, రాడార్ ఉపగ్రహాలు మబ్బుల గుండా చూసి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చెబుతాయి. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచే ఇస్రో, నాసా కలిసి నైసార్ అనే రాడార్ ఉపగ్రహాన్ని పంపాయి. కొత్త కాలనీకి స్థలం ఎంచేముందు ఈ మ్యాప్ బల్ల మీద ఉంటే ఎన్ని కుటుంబాలు బతికిపోతాయో ఆలోచించండి.

నాలుగోది: హెచ్చరిక చివరి ఇంటిదాకా చేరుతోందా? ఫోన్‌కు సందేశం తెలుగులో వస్తుంది. ఇంట్లో గోర్ బోలి తప్ప చదవడం రాని అవ్వ ఉంటుంది. కొడుకు, కోడలు బెంగళూరులో కూలికి పోయి ఉంటారు. ఆ సందేశం ఆమెకు ఎవరు చదివి చెప్పాలి? డప్పు వేయించాలా, గుడి మైకులో చెప్పాలా, ఏ భాషలో చెప్పాలి? సోషల్ వర్క్, ఆంత్రోపాలజీ, జర్నలిజం, తెలుగు చదివినవాళ్ళు చేయాల్సిన పని ఇది. దీన్ని బయటివాళ్ళ కంటే మీరు బాగా చేస్తారు, ఎందుకంటే ఆ అవ్వ మీ భాషలోనే మాట్లాడుతుంది.

ఐదోది: నష్టం లెక్క ఎవరి పేరున రాస్తున్నారు? పట్టా ఉన్నవాడికి పరిహారం వస్తుంది. కౌలుదారుకు, మేకలు పోయిన ఒంటరి ఆడమనిషికి, సీతాఫలం ఏరుకునే కుటుంబానికి ఏం వస్తుంది? ఎకనామిక్స్, లా చదివినవాళ్ళు దీన్ని పట్టుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం మనకు సాగు పట్టాలతో పాటు సామూహిక అటవీ వనరులను కాపాడుకునే, పెంచుకునే హక్కు కూడా ఇచ్చింది. నిప్పు నుంచి గుట్టను కాపాడడం ఆ హక్కులో భాగం. మన వాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఎక్కడ చదవాలి?

ఇంటి దగ్గర నుంచి మొదలుపెడదాం. అనంతపురంలో 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. ఇంజనీరింగ్ వాళ్ళకు జేఎన్‌టీయూ ఉంది. 2018లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మన దగ్గరే ఉంది. రేకులకుంటలో మెట్ట సేద్యం మీద వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీకి ఏపీ పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో పీజీకి సీయూఈటీ రాయాలి. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా ఉంది.

కొంచెం దూరం పోగలిగితే, తిరుపతిలో ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. దగ్గర్లోనే గాదంకిలో వాతావరణం మీద పరిశోధించే జాతీయ ప్రయోగశాల ఉంది. హైదరాబాదులో మెట్ట సేద్యం మీద క్రీడా సంస్థ, ఉపగ్రహ చిత్రాల మీద ఎన్ఆర్ఎస్‌సీ ఉన్నాయి. వరద వచ్చినప్పుడు దేశమంతటికీ మునక మ్యాపులు తయారయ్యేది ఎన్ఆర్ఎస్‌సీలోనే. అడవుల చదువుకు డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అదే ఊళ్ళో ఇస్రో వాళ్ళ ఐఐఆర్ఎస్ ఉంది. ఐఐఆర్ఎస్ ఇంట్లో కూర్చుని చేసుకునే ఉచిత ఆన్‌లైన్ కోర్సులు కూడా నడుపుతుంది. డిగ్రీ చదువుతూనే ఒకటి రెండు చేసి సర్టిఫికెట్ పెట్టుకోండి. మన రాష్ట్రంలో గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది ప్రాంగణం 2025 జనవరిలో మొదలైంది.

నాలుగేళ్ళ డిగ్రీ చేస్తున్నవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం 75 శాతం మార్కులుంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి పోవచ్చు. ఎస్టీలకు అందులో ఐదు శాతం సడలింపు ఉంది.

డబ్బు మాట

ఇక ఇంట్లో యాడీ-బాపు అడిగే మొదటి ప్రశ్న: "ఇంకెన్నేళ్ళు చదువుతావు రా, ఎవరు పెడతారు?" న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మీ దగ్గర ఉండాలి.

కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఎస్టీ విద్యార్థులకు ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తుంది. పీహెచ్‌డీలో చేరినవాళ్ళు దరఖాస్తు చేసుకోవాలి. పీజీ మార్కుల ఆధారంగా ఎంపిక చేస్తారు. కాబట్టి పీజీలో ఏదో పాసైతే చాలు అనుకోవద్దు. ఇంకో దారి యూజీసీ నెట్, జేఆర్ఎఫ్. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ మొత్తం నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 42,000. జేఆర్ఎఫ్‌కు వయసు పరిమితి 30 ఏళ్ళయితే ఎస్టీలకు ఐదేళ్ళు సడలింపు. గేట్ రాసి ఎం.టెక్‌లో చేరితే నెలకు 12,400 వస్తుంది. విదేశాల్లో చదవాలనుకునేవాళ్ళకు జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. దేశం మొత్తానికి ఏటా 20 మాత్రమే, కుటుంబ ఆదాయం ఆరు లక్షల లోపు ఉండాలి. ఇరవయ్యే కదా అని వదిలేయవద్దు. దరఖాస్తు చేయనివాడికి ఇరవయ్యయినా ఒకటే, రెండువేలయినా ఒకటే.

కాగితాల విషయంలో జాగ్రత్త. కుల ధృవీకరణ, ఆదాయ ధృవీకరణ ముందే తీసి ఉంచుకోండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉండడం మన పిల్లల్లో మామూలు. ఒకచోట 'నాయక్' ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఇప్పుడే సరిచేయించుకోండి. సుగాలీలు మన రాష్ట్రంలో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో ఈ రెండూ కారు. అందువల్ల పక్క రాష్ట్రం వాళ్ళ విశ్వవిద్యాలయాల్లో మన రిజర్వేషన్ పనిచేయదు. కేంద్ర సంస్థల్లో మాత్రం మన రాష్ట్ర ధృవీకరణతోనే ఎక్కడైనా పనిచేస్తుంది. ప్రతి ఏడాదీ నోటిఫికేషన్ పూర్తిగా చదవండి, తేదీలు దాటనివ్వకండి.

పీహెచ్‌డీ అయ్యాక ఉద్యోగం సంగతి కూడా అడుగుతారు. అధ్యాపక ఉద్యోగాలున్నాయి. అటవీశాఖ, విపత్తు నిర్వహణ సంస్థ, ఉపగ్రహ చిత్రాల కంపెనీలు, పంటల బీమా కంపెనీలు, వాటర్‌షెడ్ సంస్థలు, అన్నిటికీ ఈ చదువు కావాలి. ఐదారేళ్ళు ఓపిక పట్టాలి అన్నది నిజం. ఆ ఐదారేళ్ళు చేతిలో పైసా లేకుండా ఉండాల్సిన పని లేదు అన్నది కూడా నిజం. ఈ రెండు మాటలూ ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. ముఖ్యంగా ఆడపిల్లల ఇళ్ళల్లో చెప్పాలి. గడ్డికి, కట్టెలకు, నీళ్ళకు గుట్టా వంకా తిరిగేది వాళ్ళే. ఎక్కడ ఏమి మారిందో ముందు తెలిసేది వాళ్ళకే. ఈ పరిశోధనలో వాళ్ళు లేకపోతే సగం సమాచారం పోతుంది.

ఈ ఏడాది నుంచే

పీహెచ్‌డీ సీటు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ తండా పక్క గుట్ట ఎప్పుడు కాలిందో తేదీ వేసి రాయండి. ఎన్ని గంటలకు అంటుకుంది, ఏ వైపు గాలి, ఎప్పుడు ఆరింది రాయండి. చెరువు ఎప్పుడు మరువ పారిందో రాయండి. వంకలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో బడి గోడ మీద, కరెంటు స్తంభం మీద గీత గీసి, ఫోటో తీసి పెట్టండి. ముసలివాళ్ళను అడిగి పాత వరదలు, పాత నిప్పులు రాయండి. నీరుగంటిగా పనిచేసిన పెద్దాయన ఉంటే ఆయన దగ్గర కూర్చోండి. ఆయన పోతే ఆ చెరువు చరిత్ర ఆయనతోనే పోతుంది. మూడేళ్ళు ఇలా రాస్తే, ఏ ప్రొఫెసర్ ముందు కూర్చున్నా మీ దగ్గర ప్రశ్న ఉంటుంది, దాని వెనక సమాచారం ఉంటుంది. చాలామంది విద్యార్థుల దగ్గర ఈ రెండూ ఉండవు.

మూడు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఫోటో కోసం, కొలత కోసం పారే వంకలోకి దిగవద్దు, మండే గుట్ట మీదికి ఒంటరిగా పోవద్దు. రిజర్వు అడవిలో పని చేయాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోండి. తండాలో సమాచారం సేకరించేముందు పెద్దల అనుమతి అడగండి, పని అయ్యాక తిరిగి వచ్చి మీకు ఏం తెలిసిందో వాళ్ళ భాషలో వాళ్ళకు చెప్పండి. మన దగ్గర సమాచారం తీసుకుపోయి మళ్ళీ ముఖం చూపించని వాళ్ళను చాలామందిని చూశాం. మీరు అలా చేయవద్దు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ జిల్లాలో చదువు అంటే ఊరు వదిలి పోవడానికి టికెట్ అని అందరూ అనుకుంటారు. బెంగళూరు బస్సు ఎక్కడం తప్పు అని నేను అనను. కడుపు నింపుకోవాలి. కానీ మన గుట్ట, మన వంక గురించి చదివి, ఆ చదువుతోనే మన ఊళ్ళను కాపాడే దారి కూడా ఒకటుంది. వచ్చే అక్టోబరులో మళ్ళీ వాన పడుతుంది. వంక పొంగితే ఎక్కడిదాకా వస్తుందో ముందే చెప్పగలిగినవాళ్ళు మన తండాల్లో ఉండాలి. సంఘం తరఫున దరఖాస్తులు నింపడానికి, గైడ్ దగ్గరికి తీసుకుపోవడానికి పెద్దలు సిద్ధంగా ఉన్నారు. అడగడానికి సిగ్గుపడకండి.